వేలు లేస్తే జారిపోయే అక్షరాలు

జబ్బుపడి లేచినవాళ్ళు రాసుకున్నవి మంచం మీద ఉండగా చాలా చదివాను. వాళ్ళందరికీ ఆ రోజుల్లో ఓపిక వచ్చిందట, మనుషుల విలువ తెలిసిందట, దేవుడు దగ్గరయ్యాడట. నాకు అసూయ వచ్చింది. టీ గ్లాసు పట్టుకున్నవాడిని చూసి, చొక్కా గుండీలు పెట్టుకున్నవాడిని చూసి, అందరికన్నా ఎక్కువగా మా ఆవిడ మంగ చూపుడువేలిని చూసి నాలుగు నెలలు కుళ్ళుకున్నాను. మీకెవరికైనా ఇలాంటి జబ్బు చేసి, మంచి ఆలోచనలు రాకపోతే బెంగపెట్టుకోకండి. రానివాడు ఇక్కడ ఇంకొకడున్నాడని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఒక హెచ్చరిక కూడా ఉంది. అది మొదట్లోనే వస్తుంది.

ఆషాఢం, చివరి వారం

రామచంద్రపురంలో మాకు శుభలేఖల దుకాణం ఉంది. మా నాన్నది ఇత్తడి సామాన్ల కొట్టు, బాబాయిది బట్టల కొట్టు, మేనమామది కిరాణా. బేరమాడకుండా కొన్న వస్తువు మా ఇళ్ళలో ఎవరికీ అరగదు. లాప్‌టాప్ కూడా సెకండ్ హ్యాండుది గీచిగీచి బేరమాడి కొన్నాను. అమ్మినాయన మౌస్ కూడా ఇస్తానంటే, "మౌస్ మీరే ఉంచుకుని ఆ మేరకు తగ్గించండి" అన్నాను. తగ్గించాడు. ఆ గొప్ప బేరం పుణ్యమా అని ఆరేళ్ళుగా నా పనంతా టచ్‌ప్యాడ్ మీదే. దాని కింద ఉండే మీటలు నేను కొనేనాటికే అరిగిపోయాయి. అంచేత అంతా ఒంటి వేలి పని.

శుభలేఖలో టైపు చేయడం పెద్ద విషయం కాదు. పేర్లు జరపడమే అసలు పని. పెదనాన్న పైకి, మేనత్త కిందికి, చిన్న బావగారు పెద్ద బావగారి పక్కకి. పొద్దున్న అందరూ ఒప్పుకున్న వరస సాయంత్రం ఎవరో అలిగితే మారిపోతుంది. పేరు మొదట్లో రెండుసార్లు తట్టి, రెండోసారి వేలు ఎత్తకుండా జరిపితే అక్షరాల మీద నీలం పరుచుకుంటుంది. ఆ నీలం మీద మళ్ళీ అలాగే తట్టి, వేలు ఎత్తకుండా కావలసిన చోటికి లాక్కుపోయి వదలాలి. మధ్యలో వేలు లేచిందా, పేరు ఎక్కడపడితే అక్కడ జారిపోతుంది. కత్తిరించి అతికించే పద్ధతి ఒకటుందని నాకూ తెలుసు. కానీ కత్తిరించగానే పేరు కళ్ళముందునుంచి మాయమవుతుంది. కొట్లో పుట్టినవాణ్ణి, సరుకు కనబడుతూ వెళితేనే నాకు నమ్మకం.

ఆ రోజు మధ్యాహ్నం శ్రావణమాసం పెళ్ళి కార్డు ఒకటి చేస్తున్నాను. నీలం సగం పేరు దాకా వచ్చి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. మళ్ళీ ఆగింది. తెర మీద బాణం తాగినవాడిలా తిరుగుతోంది. ప్యాడ్‌కి చెమట పట్టిందనుకుని తువ్వాలుతో తుడిచాను. తువ్వాలు చేతిలోంచి జారిపోయింది. దాన్నీ తిట్టాను. ఎడమచేత్తో ముట్టి చూస్తే బాణం చక్కగా కదిలింది. అప్పుడైనా బుద్ధి రావాలి కదా! "అయితే ప్యాడ్‌లో కుడివైపే పాడైందన్నమాట" అని తేల్చుకుని, లాప్‌టాప్ అమ్మినాయనకి ఫోన్ చేసి బేరం మొదలుపెట్టాను.

"ఏంటండీ సూర్రావు గారూ, నోట్లో కిళ్ళీ ఉందా? ఒక్క ముక్క అర్థం కావట్లేదు."

నేను మళ్ళీ చెప్పాను.

"కిళ్ళీ ఊసేసి చెయ్యండి బాబూ" అని ఆయన పెట్టేశాడు.

నా నోట్లో కిళ్ళీ లేదు. 

మంగ భోజనం క్యారేజీ పట్టుకుని వచ్చింది. గడపలోనే నిలబడి నా మొహం చూసింది.

"ఏవండీ, ఓసారి నవ్వండి."

"దేనికి?"

"నవ్వండి, చెప్తాను."

నవ్వాను. నా మొహంలో సగమే నవ్విందని తర్వాత చెప్పింది. క్యారేజీ బల్ల మీద పెట్టేసి, షట్టరు కూడా దించకుండా కారు మాట్లాడింది. ఎంతకని అడగకుండా మా ఇంట్లో ఒక వాహనం ఎక్కడం అదే మొదలు. నేను వెనక సీట్లోంచి ఎంతకి మాట్లాడావని అడుగుతూనే ఉన్నానట. అదృష్టం, ఎవరికీ అర్థం కాలేదు.

హెచ్చరిక ఇదే. చేతిలో వస్తువు మొరాయిస్తే వస్తువుని తర్వాత తిట్టండి, ముందు చెయ్యి చూసుకోండి. నేను గంటన్నర టచ్‌ప్యాడ్‌ని తుడుస్తూ కూర్చున్నాను. వచ్చింది పక్షవాతమనీ, ఆ గంటన్నరే నా వేలిని మింగిందనీ రాజమండ్రి ఆసుపత్రిలో డాక్టరు గారు మర్యాదగానే చెప్పారు.

శ్రావణం

ఆసుపత్రిలో మొదటి మూడు రోజులు భయం తప్ప ఏమీ గుర్తులేదు. నా కుడిచెయ్యి నా పక్కనే పడుకుని ఉండేది, ఎవరో మరచిపోయి వెళ్ళిన సంచిలా. దాన్ని ఎడమచేత్తో ఎత్తి గుండె మీద పెట్టుకునేవాణ్ణి. మాట నాలుగో రోజుకి కొంత తేరుకుంది. తేరుకోగానే బేరం మొదలుపెట్టాను.

"చెయ్యి రావడానికి ఆర్నెల్లు పట్టొచ్చండి" అన్నారు డాక్టరు గారు.

"మూడు చేసుకోండి."

"నా చేతిలో లేదండీ."

"పోనీ నాలుగు. మీ మాటా వద్దు, నా మాటా వద్దు."

ఆయన నవ్వి వెళ్ళిపోయారు. మా బాబాయి కొట్లో అయితే అలా నవ్వి వెళ్ళిపోతే బేరం ఒప్పుకున్నట్టే లెక్క. నేనూ అలాగే అనుకున్నాను.

శ్రావణం ముహూర్తాలు నా కోసం ఆగవు. ఒప్పుకున్న కార్డులు ఇంకా చాలా ఉన్నాయి. మంగ లాప్‌టాప్‌ని ఆసుపత్రికి తెచ్చుకుని, వార్డు బయట స్కానింగుకి వచ్చినవాళ్ళ మధ్య బెంచీ మీద కూర్చుని ఒళ్ళో పెట్టుకుంది. ఆ యంత్రాన్ని అంతకుముందు దుమ్ము తుడవడానికి తప్ప ముట్టింది లేదు. నేను మంచం మీదనుంచి సగం నాలుకతో చెప్తుంటే గుమ్మంలోకి వచ్చి వినేది, వెళ్ళి చేసేది, మళ్ళీ వచ్చేది. మొదటిరోజు తిట్టాను. రెండోరోజు కూడా తిట్టడానికి సిద్ధంగా ఉన్నాను. అవకాశం ఇవ్వలేదు.

మంగది ఆత్రేయపురం. చిన్నప్పటినుంచి వాళ్ళమ్మ పక్కన కూర్చుని పూతరేకులు తీసిన చెయ్యి. కాలుతున్న కుండ మీద బియ్యప్పిండి నీళ్ళు పరిస్తే, తడి ఆరీ ఆరగానే ఆ పల్చటి రేకుని చిరగకుండా ఒంటి వేలితో అంచు లేపి తీయాలి. నొక్కితే చిరుగుతుంది, తడబడితే వేలు కాలుతుంది. అలాంటి వేలికి టచ్‌ప్యాడ్ ఒక లెక్కా! నేను ఆరేళ్ళు ఆ ప్యాడ్‌ని అరిగేలా నొక్కాను. ఆవిడ ముట్టిందో లేదో తెలియకుండా ముట్టేది. నీలం మంచినీళ్ళలా పరుచుకునేది. పేరు తెర మీద తేలుతూ వెళ్ళి చెప్పిన చోట దిగేది.

"వచ్చిందండీ!" అంది, లోపలికి తెచ్చి తెర నా వైపు తిప్పి.

"బాగానే వచ్చింది" అన్నాను. మనసులో మాత్రం ఆ చెయ్యి ఒక్కసారి వణికితే బాగుండునని అనుకున్నాను. నాకు మందులు తాగించి, నా మలమూత్రాలు ఎత్తి, నన్ను లేపి కూర్చోబెడుతున్న చెయ్యి అది. అయినా అనుకున్నాను. దాచుకుంటే ఇది రాయడం దండగ.

భాద్రపదం, ఆశ్వయుజం

ఇంటికి వచ్చాక వారానికి రెండుసార్లు రాజమండ్రిలో ఫిజియోథెరపీ. బయట ఒక పొడవాటి హాలు, ప్లాస్టిక్ కుర్చీలు. అక్కడ కూర్చున్నవాళ్ళం ఒకరి చేతుల్ని ఒకరం చూసుకునేవాళ్ళం, బజారులో పక్క కొట్టువాడి రద్దీ చూసినట్టు. ఫలానా ఆయన పిడికిలి బిగించాడంటే నాకు ఆ పూట అన్నం దిగేది కాదు.

నా పక్క కుర్చీ పోతురాజుది. కోనసీమ చివర సముద్రపు ఒడ్డున చేపల వేట వాళ్ళది. అతనికి ఎడమచెయ్యి పడిపోయింది.

"ఎడమచెయ్యేగా! అదృష్టవంతుడివి" అన్నాను మొదటిరోజే, సిగ్గు లేకుండా.

"ఆయ్, అలా అనకండి బాబూ. వల లాగాలంటే రెండు చేతులూ కావాలండి. ఒక చేత్తో లాగితే పడవ గుండ్రంగా తిరుగుద్దండి."

ఇంకోరోజు అతను బత్తాయి తెచ్చుకున్నాడు. ఒలవడం కుదరక కాసేపు తంటాలు పడ్డాడు. నేను నా ఎడమచేత్తో కాయ పట్టుకున్నాను. అతను తన కుడిచేత్తో తొక్క తీశాడు. ఒక్క కాయకి ఇద్దరికీ పావుగంట పట్టింది. తొనలు లెక్కపెట్టి సగం ఇచ్చాడు. బేరమాడకుండా తీసుకున్నాను.

వ్యాయామం చేయించే అమ్మాయి రబ్బరు బంతి ఇచ్చి రోజుకి ముప్ఫైసార్లు నొక్కమనేది.

"పద్దెనిమిది" అనేవాణ్ణి.

"ముప్ఫై అండీ."

"ఇరవై రెండు చేసి, నాలుగు గట్టిగా నొక్కుతాను."

ఆ అమ్మాయి ఒకరోజు విసిగిపోయి, "అసలు మీకు ఆ చేత్తో ఏం చెయ్యాలనుంది?" అని అడిగింది. పేర్లు జరపాలని చెప్పాను. టచ్‌ప్యాడ్ సంగతంతా చెప్పాను. "అయితే బంతి మానెయ్యండి. రోజూ అదే చెయ్యండి. ఒక్కొక్క అక్షరం జరపండి" అంది.

ఎడమచేత్తో చేసుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. బండి అద్దెల బిల్లయితే చేసేవాణ్ణి. అది శుభలేఖ. ఎడమచేత్తో ముట్టిన శుభలేఖ మా పక్క ఎవరూ అందుకోరు. ఎవరూ చూడరు కదా అనుకున్నా, నాకు తెలుస్తుంది.

కానీ సాధనకి లాప్‌టాప్ దొరికితేగా! కొట్లో నా కుర్చీలో మంగ కూర్చుంటోంది. నేను ఎదురుగా వచ్చినవాళ్ళు కూర్చునే బెంచీ మీద. వచ్చినవాళ్ళు నన్ను "ఎలా ఉందండీ ఒంట్లో?" అని అడిగి, జవాబు వినకుండానే ఆవిడ వైపు తిరిగేవారు.

"మా ఆవిడ కొత్త కదండీ, ఓసారి జాగ్రత్తగా సరిచూసుకోండి" అన్నాను ఒకాయనతో.

"అమ్మాయిగారు చేస్తే చూడక్కర్లేదండి. మీరు చేసేప్పుడే చూసుకునేవాళ్ళం" అన్నాడు.

మంగ నవ్వు ఆపుకోవడానికి దగ్గింది. ఆ దగ్గు నాకు వారం రోజులు వినబడింది. ఇద్దరి మధ్యా మాటలు తగ్గిపోయాయి. నేను ఆవిడ చేసిన ప్రతి కార్డూ తప్పు దొరుకుతుందేమోనని కళ్ళజోడు పెట్టుకుని వెతికేవాణ్ణి. ఆవిడకి అది తెలుసు. పొద్దున్నపూట, ఎవరూ రాకముందు, ఒక గంట లాప్‌టాప్ నా ముందు పెట్టి లోపలికి వెళ్ళిపోయేది. ఆ గంటలో నేను నా పేరునే జరుపుతూ ఉండేవాణ్ణి. సూర్యారావు. మొదట్లో 'సూ' దాకా నీలం వచ్చేది. దసరాకి 'సూర్యా' దాకా వచ్చింది. వేలు లేచిపోయేది, నేను జారిపోయేవాణ్ణి. మళ్ళీ మొదలు.

దీపావళి నాటికి నా పేరు మొత్తం నీలంగా మారి ఒక లైను కిందికి దిగింది. ఎవరికీ చెప్పలేదు. సాధనలో నా పేరు జరిగితే సరిపోదు. నిజం కార్డు మీద, నిజం పేర్లతో, మంగ లేనప్పుడు చేసి చూపించాలి. నా కుర్చీ నాకు రావాలంటే అదొక్కటే దారి అనుకున్నాను.

కార్తీకం

కార్తీక సోమవారం మంగ ఉపవాసం ఉండి ద్రాక్షారామం వెళ్ళింది. "ఎవరైనా ఫోన్ చేస్తే మధ్యాహ్నం తర్వాత రమ్మనండి. ఏదీ ముట్టకండి" అని మరీ చెప్పి వెళ్ళింది.

పది గంటలకి వీర్రాజు గారింటినుంచి ఫోన్ వచ్చింది. పక్క పల్లెటూరి రైతు, ఎనభై దాటిన పెద్దాయన. మనవడి పెళ్ళి. కార్డు మంగ అంతా చేసి ఉంచింది. అందులో తాత, నానమ్మల వరస ఇలా ఉంది: కీ.శే. సుభద్రమ్మ, వీర్రాజు గార్ల మనుమడు. సుభద్రమ్మ గారు పోయి ఏడెనిమిదేళ్ళయింది, అందుకని ఆమె పేరు ముందు ఆ కీ.శే.

"తాతగారి పేరు ముందు పెట్టి, నానమ్మగారిది తర్వాత పెట్టండి చాలు. ఇంకేం మార్పుల్లేవు, ప్రెస్సుకి పంపించెయ్యండి" అన్నాడు వాళ్ళబ్బాయి.

ఒక్క పేరు జరపడం. దేవుడు నా కోసమే కొలిచి ఇచ్చిన పని.

కుర్చీలో కూర్చున్నాను. తట్టాను, మళ్ళీ తట్టి పట్టుకున్నాను. నీలం వచ్చింది. వేలు వణికింది గానీ లేవలేదు. సుభద్రమ్మ గారిని పట్టుకుని, ఊపిరి బిగబట్టి, వీర్రాజు గారి మీదుగా దాటించి అవతల దింపాను. ఒక్కసారికే! కళ్ళు చెమర్చాయి. ఆ తడి కళ్ళతోనే కార్డు రాజమండ్రి ప్రెస్సుకి పంపించేశాను.

మా కొట్లో ఒక పద్ధతి ఉంది. ఏ కార్డైనా ప్రెస్సుకి వెళ్ళేముందు ఆ ఇంటి పెద్దవాళ్ళు గట్టిగా చదివి సంతకం పెట్టాలి. మా నాన్న ఇత్తడి బిందెని గోటితో మీటి మోగించాకే ఇచ్చేవాడు. అలాగే ఈ చదివించడం నేను పెట్టిన పద్ధతి. ఆ రోజు అక్కర్లేదనిపించింది. మంగ వచ్చేలోపు పంపించేయాలి. ఆవిడ వచ్చాక చెప్పాను. "మీరే జరిపారా?" అంది. "నేనే" అన్నాను. ఆ రాత్రి పెరుగన్నం నేనే కలుపుకున్నాను.

మూడోరోజు కార్డుల పార్సిలు బస్సులో వచ్చింది. వీర్రాజు గారు స్వయంగా వచ్చారు, మొదటి కార్డుకి తన చేత్తో పసుపు పెట్టుకోవడానికి. మంగ పసుపు గిన్నె ఇచ్చింది. ఆయన నాలుగు మూలలా పసుపు అద్ది, కార్డు దూరంగా పట్టుకుని గట్టిగా చదవడం మొదలుపెట్టారు. సగంలో ఆగారు. మళ్ళీ మొదటినుంచి చదివారు.

"ఏమయ్యా సూర్రావూ, నేనెప్పుడు పోయాను?"

మంగ కార్డు లాక్కుని చూసింది. నేను ఆవిడ భుజం మీదనుంచి చూశాను. కీ.శే. వీర్రాజు, సుభద్రమ్మ గార్ల మనుమడు. నా నీలం ఆ కీ.శే. తర్వాతినుంచి మొదలైంది. అది ఎక్కడున్నది అక్కడే ఉండిపోయింది. నేను పేరు ఒక్కటే పట్టుకుపోయాను. పోయినావిడని బతికించి, బతికున్న పెద్దమనిషిని చంపాను.

పసుపు పెట్టిన శుభలేఖ. పెళ్ళి ఇంటి పెద్ద. ఇలాంటి మాట ఒక్కటి ఊళ్ళో పాకితే మా గుమ్మం ఎవరూ ఎక్కరు.

మంగ చేతులు జోడించింది. "క్షమించండి బాబుగారూ. తప్పు నాదేనండి. గుడికెళ్ళే తొందరలో చూసుకోలేదు."

నన్ను కాపాడడానికే అంది. నాకు తెలుసు. మంచివాడైతే అక్కడ కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. నాకు ఒళ్ళు మండింది. నాలుగు నెలల్లో నా చెయ్యి చేసిన మొదటి పని అది. నా కుర్చీ తీసుకుంది, వచ్చేవాళ్ళని తీసుకుంది, ఇప్పుడు నా తప్పు కూడా తీసుకుంటుందా?

"కాదండీ!" అని అరిచాను. "అది నేను చేసింది. ఈ చేత్తో, ఈ వేలితో. మా ఆవిడకి సంబంధం లేదు. ఆవిడ చేస్తే ఇలా రాదు."

ఆఖరి మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు. మంగ నా వైపు తిరిగి చూసింది.

వీర్రాజు గారు బెంచీ మీద కూర్చున్నారు. కార్డు మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. ఈసారి తన పేరు చూడలేదు.

"సుభద్రమ్మ" అన్నారు. "ముందర ఏమీ లేకుండా... చూసి ఎన్నాళ్ళయిందో." బొటనవేలితో ఆ పేరు పక్కన అంటిన పసుపు కొంచెం తుడిచారు. "దాన్ని బతికించావు, బాగానే ఉంది. నన్నెందుకు చంపావయ్యా?"

"వేలు నిలవలేదండీ."

"ఇప్పుడు నిలుస్తుందా?"

"తెలీదండీ."

"కూర్చో అయితే. నా ఎదురుగా సరిచెయ్యి. ఆ అమ్మాయిని ముట్టనివ్వకు. నువ్వు చంపావు, నువ్వే లేపు."

కూర్చున్నాను. ఈసారి జరపాల్సింది పేరు కాదు, ఆ రెండు పొట్టి అక్షరాలూ, వాటి చుక్కలూ. మొదటిసారి నీలం రానే లేదు. రెండోసారి వచ్చింది గానీ దారిలో వేలు లేచి, కీ.శే. వెళ్ళి పెళ్ళికొడుకు పేరు ముందు పడింది. మంగ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"తీసెయ్, తీసెయ్!" అన్నారు పెద్దాయన. తర్వాత ఆయనకే నవ్వొచ్చింది. "తొందర పడకయ్యా. నన్ను బతికించేదాకా ఇక్కడినుంచి కదలను."

అయిదోసారో ఆరోసారో, కీ.శే. ఆయన పేరు ముందునుంచి లేచింది. తెర మీద మెల్లగా జరుగుతూ వెళ్ళి సుభద్రమ్మ గారి దగ్గర ఆగింది. వదలాలంటే నాకు వేలు రాలేదు. పెద్దాయన వైపు చూశాను. ఆయన కాసేపు తెరకేసి చూశారు.

"పెట్టు మరి" అన్నారు.

వేలు ఎత్తాను.

కొత్త కార్డు మొత్తం ఆయన గట్టిగా చదివి సంతకం పెట్టారు. పాత కార్డుల్లో తాను పసుపు పెట్టిన ఆ ఒక్కటీ జేబులో పెట్టుకున్నారు. "మిగతావి పొయ్యిలో పడెయ్యండి. ఈ సంగతి మా ఇంట్లో నేను చెప్పను, మీరూ చెప్పకండి" అని వెళ్ళిపోయారు. (ఇది రాయవచ్చా అని తర్వాత అడిగాను. పేర్లు మార్చి రాసుకోమన్నారు. మార్చాను.)

ఆయన వెళ్ళాక మంగ తెర వైపు వంగింది.

"బాగానే వచ్చింది" అంది.

ఆ గొంతు నాకు బాగా తెలుసు. ఆవిడ చేసిన ప్రతి కార్డుకీ నాలుగు నెలలు నేను అన్న మాట, అన్న తీరు అదే. తల ఎత్తి చూశాను. మంగ నా మొహం చూడట్లేదు. కుర్చీ చేతిని చూస్తోంది. తర్వాత నా వేలిని చూసింది. ఆ చూపులో నా జబ్బు తగ్గుతోందని సంతోషం ఒక పక్క ఉంది, కాదనను. రెండో పక్క ఉన్నది నాలుగు నెలలుగా నాతో ఉంటున్న నా చుట్టమే. ఎక్కడున్నా గుర్తుపడతాను.

"పొద్దున్నపూట నువ్వు కూర్చో, మధ్యాహ్నం నేను" అన్నాను.

"పొద్దున్న ఎవరొస్తారండీ మన కొట్టుకి? అందరూ భోజనాలయ్యాకేగా."

"పోనీ రోజు విడిచి రోజు."

"కార్డు విడిచి కార్డు. చదివించడం మాత్రం అన్నిటికీ నాదే. నేను వినకుండా ఏదీ ప్రెస్సుకి వెళ్ళదు."

"నీ కార్డులు కూడా నేను వింటాను."

"వినండి. తప్పు దొరికితే చెప్పండి."

నా జీవితంలో ఇంత అన్యాయంగా ఓడిపోయిన బేరం ఇంకొకటి లేదు. ఒప్పుకున్నాను.

ఇప్పుడు, మాఘం

కొట్లో కుర్చీలు రెండయ్యాయి. పిడికిలి ఇంకా పూర్తిగా బిగియదు, గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పడుతుంది. పోతురాజు మొన్న ఫోన్ చేసి, వల లాగానని చెప్పాడు. సంతోషించాను. ఫోన్ పెట్టేశాక ఎంత పెద్ద వలో అడగాల్సిందని అనిపించింది.

నేను ఒక పేరు జరిపేలోపు మంగ నాలుగు పేర్లు జరుపుతుంది. అసూయ పోలేదు. డాక్టరు గారు దానికి మందు రాయలేదు. కానీ నిన్న ఒక మాఘమాసం కార్డులో పెద్ద పేరు, ఇంటిపేరుతో సహా, పై లైనునుంచి కిందికి దింపుతున్నాను. వేలు స్థిరంగా ఉంది. నీలం ఎక్కడా చెదరలేదు. పక్క కుర్చీలో మంగ పని ఆపి నా వేలిని చూస్తోందని చూడకుండానే తెలిసింది.

త్వరగా దింపగలను. కావాలనే నెమ్మదిగా జరిపాను.